యువ వాద్యకారుల చెల్లో, పియానో రిసైటల్: తరచుగా అడిగే ప్రశ్నలు

చెల్లో, పియానోలతో యువ వాద్యకారులు ఇచ్చే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రిసైటల్‌కు మొదటిసారి వచ్చేవారు, వేదిక ఎక్కబోయే పిల్లలు, వారి తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఈ సమాధానాలు రాస్తున్నది విమర్శకుడు కాదు. ఇలాంటి కార్యక్రమాల్లో చాలాకాలంగా పియానో పక్కన కూర్చుని పేజీలు తిప్పుతూ, వేదిక మీద కుర్చీలు సర్దుతూ, తెర వెనుక చల్లబడిన వేళ్ళను రుద్దుకుంటున్న పిల్లలను చూస్తూ వచ్చిన మనిషి. అందువల్ల కొన్ని సమాధానాలు పొడుగ్గానూ, కొన్ని రెండు ముక్కల్లోనూ ఉంటాయి.

రిసైటల్ అంటే ఏమిటి? మామూలు కచేరీకీ దీనికీ తేడా ఉందా?

ఒకరో ఇద్దరో వాద్యకారులు కార్యక్రమం మొత్తాన్ని తమ భుజాల మీద మోసే కచేరీని రిసైటల్ అంటారు. వాద్యబృందం, దాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టర్ ఉండే పెద్ద కచేరీలో ఒకరి పొరపాటు పదిమంది ధ్వనిలో కలిసిపోవచ్చు గాని, ఇక్కడ దాక్కోవడానికి చోటుండదు. సంగీత కార్యక్రమానికి ఈ పేరు వాడుకలోకి రావడానికి ఫ్రాంజ్ లిస్ట్ 1840లో లండన్‌లో తన పియానో ప్రదర్శనలను ఆ మాటతో ప్రకటించడం ప్రధాన కారణం. చదవడం, అప్పజెప్పడం అనే అర్థమున్న మాటను వాద్యానికి వాడటం అప్పట్లో విన్నవారికి వింతగానే తోచింది.

చెల్లో ఎలాంటి వాద్యం?

పూర్తి పేరు వయొలొన్‌చెల్లో. వయొలిన్ కుటుంబానికే చెందినది. అయితే దీన్ని కుర్చీలో కూర్చుని, రెండు మోకాళ్ళ మధ్య ఆనించుకుని, కమానుతో వాయిస్తారు. వయొలిన్ ధ్వని పెట్టె పొడవు దాదాపు 35 సెంటీమీటర్లయితే, చెల్లో ధ్వని పెట్టె పొడవు 75 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. నాలుగు తీగలను కింది నుంచి పైకి సీ, జీ, డీ, ఏ స్వరాలకు శ్రుతి చేస్తారు. అన్నిటికంటే మందమైన సీ తీగ సెకనుకు సుమారు 65 సార్లు, సన్నటి ఏ తీగ 220 సార్లు కంపిస్తాయి. మగవారి మంద్రస్వరం నుంచి ఆడవారి తారస్థాయి దాకా మనిషి గొంతు పలికే మేరంతా దాదాపుగా ఇందులో ఇమిడిపోతుంది. చెల్లో పాడుతున్నట్టు ఉంటుందని శ్రోతలు అనడానికి ఇదొక కారణం.

ఇందులో పియానో పక్కవాద్యమే కదా?

కాదు. ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఇదే కాబట్టి ఈ ఒక్క సమాధానం కొంచెం నిదానంగా చదవమని కోరుతున్నాను.

పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో పరిస్థితి నిజానికి ఇందుకు తలకిందులుగా ఉండేది. మీటల వాద్యానిదే పెద్దపీట, తీగవాద్యం దాని ఎడమచేతి భాగానికి తోడుగా నడిచేది. బీథోవెన్ 1796లో బెర్లిన్ వెళ్ళినప్పుడు, స్వయంగా చెల్లో వాయించే ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం ఆస్థానం కోసం ఓపస్ 5 (ఓపస్ అంటే రచన వరుస సంఖ్య) కింద రెండు సొనాటాలు, అంటే పలు భాగాలున్న వాద్య రచనలు, రాశారు. అచ్చుప్రతి మీద పియానో పేరే ముందుండి, 'చెల్లో తోడుగా' అన్న అర్థంలో చెల్లో పేరు తరువాత వస్తుంది. 1808 నాటి ఓపస్ 69, 'ఏ' మేజర్ (ఏ స్వరం ఆధారంగా నడిచే స్వరక్రమం) సొనాటాకు వచ్చేసరికి తూకం మారింది. దాన్ని చెల్లో ఒక్కటే, పియానో నోరు మెదపకుండా ఉండగా, కింది తీగల మీద మొదలుపెడుతుంది. కొన్ని బార్ల (తాళపు కొలతల) తరువాత ఆ వాక్యాన్ని పియానో అందుకుని పూర్తి చేస్తుంది. కాసేపటికి ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. ఒకరు మొదలుపెట్టిన మాటను మరొకరు ముగించే ఈ పద్ధతి ఆ తరువాత వచ్చిన చెల్లో సొనాటాలన్నిటికీ దారి వేసింది.

బ్రామ్స్ తన మొదటి చెల్లో సొనాటాకు, అంటే 1865లో పూర్తయిన 'ఈ' మైనర్ ఓపస్ 38కి, పియానో పేరే ముందు పెట్టారు. దాన్ని ఆయన ఒక మిత్రుడితో కలిసి వాయిస్తుండగా, పియానో హోరులో తన చెల్లో తనకే వినబడటం లేదని ఆ మిత్రుడు మొరపెట్టుకున్నాడట. నీ అదృష్టం బాగుంది అన్నారట బ్రామ్స్. ఎంతవరకు నిజమో గాని, వాద్యకారులు ఈ కథను ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వులో కొంత బాధ కూడా ఉంది, ఎందుకంటే ఆ సొనాటా చివరి భాగంలో చెల్లో నిజంగానే మునిగిపోయే ప్రమాదం ఉంది.

కరపత్రంలో చెల్లో వాయించే అమ్మాయి పేరు పెద్ద అక్షరాల్లోనూ, పియానో వాయించే అబ్బాయి పేరు కింద చిన్న అక్షరాల్లోనూ అచ్చువేయడం ఇప్పటికీ కనిపిస్తుంది. రహ్మానినోఫ్ ఓపస్ 19 సొనాటాలో పియానో భాగం ఎన్ని స్వరాలతో నిండి ఉంటుందో ఒక్కసారి పేజీ చూసినవారెవరూ అలా అచ్చు వేయించలేరు.

సాధారణంగా ఏయే రచనలు వినిపిస్తారు?

వాయించేవారి వయసును, చదువును బట్టి ఇది మారుతుంది. చెల్లో పట్టి మూడు నాలుగేళ్ళైన పిల్లలు వివాల్డీ 'ఈ' మైనర్ సొనాటా, బ్రెవాల్ సీ మేజర్ సొనాటా లాంటివి వాయిస్తారు. కాస్త ముందుకు వెళ్ళినవారు ఫోరే రాసిన ఎలెజీ, షూమన్ జానపద శైలిలో రాసిన ఐదు ఖండికలు, బీథోవెన్ వేరియేషన్లు ఎంచుకుంటారు. మొజార్ట్ ఒపెరా 'మాయా మురళి'లోని పాటల మీద బీథోవెన్ చెల్లో కోసం రెండు వేరియేషన్ల సంపుటాలు అల్లారు. పదినిమిషాల లోపే అయిపోయినా, ఒకే పాట ఎన్ని వేషాలు వేయగలదో అవి చక్కగా చూపిస్తాయి కాబట్టి, కొత్త శ్రోతలకు వీటిని మించిన ఆరంభం లేదని నా అభిప్రాయం.

సంగీత కళాశాలల్లో చేరే స్థాయికి వచ్చినవారి కార్యక్రమంలో ఒక పెద్ద సొనాటా తప్పకుండా ఉంటుంది. బీథోవెన్ రాసిన ఐదింటిలో ఒకటి గాని, మెండెల్సన్ రెండింటిలో ఒకటి గాని, బ్రామ్స్ రెండింటిలో ఒకటి గాని, ఇరవయ్యో శతాబ్దం నుంచైతే డెబుసీ (1915), షోస్టకోవిచ్ (1934), ప్రొకోఫియెవ్ (1949), బ్రిటెన్ (1961) సొనాటాల్లో ఒకటి గాని ఎంచుకుంటారు. డెబుసీది పన్నెండు నిమిషాల లోపే అయిపోతుంది. రహ్మానినోఫ్‌ది అరగంట దాటుతుంది. అందుకే కార్యక్రమం కూర్చేటప్పుడు రచనల సంఖ్యను బట్టి కాక నిమిషాలను బట్టి లెక్క వేయాలి.

ఈ రచనల్లో కొన్ని కుర్రవయసులో పుట్టినవే. షోపాన్ తన ఓపస్ 3లోని పొలొనేజ్‌ను 1829లో, పంతొమ్మిదేళ్ళ వయసులో రాశారు. రిచర్డ్ స్ట్రౌస్ చెల్లో సొనాటా ఓపస్ 6 కూడా 1883లో, ఆయన ఇరవై నిండకముందే పూర్తయింది. తమ ఈడువారు రాసినది వాయిస్తున్నామని తెలిసినప్పుడు పిల్లల చేతుల్లో ఒక చొరవ వస్తుంది.

కొన్ని రచనలు మొదట వేరే వాద్యానికి రాసినవని విన్నాం. అది సరైన పనేనా?

సరైన పనే, పాతకాలం నుంచీ ఉన్నదే. షూబర్ట్ 1824లో ఆర్పెజియోన్ అనే వాద్యం కోసం ఒక సొనాటా రాశారు. అది గిటార్‌లా ఆరు తీగలు, మెట్లు ఉండి, కమానుతో వాయించే వాద్యం. వియన్నాలో అంతకు ముందు సంవత్సరమే పుట్టి, కొద్దికాలానికే మరుగున పడిపోయింది. సొనాటా 1871లో అచ్చయ్యేనాటికి దాన్ని వాయించేవారే దాదాపుగా లేకపోవడంతో చెల్లో దాన్ని దత్తత తీసుకుంది. ఆరు తీగల మీద హాయిగా పలికే ఎత్తు స్వరాలను నాలుగు తీగల చెల్లో మీద పలికించాలంటే ఎడమచేయి ఫింగర్‌బోర్డు చివరిదాకా పాకాలి. ఆ శ్రమ బయటపడకుండా, పాట మాత్రమే వినబడేలా వాయించడం చాలా కష్టం.

సీజర్ ఫ్రాంక్ 1886లో వయొలిన్ కోసం రాసిన 'ఏ' మేజర్ సొనాటాను జూల్ డెల్సార్ అనే చెల్లో వాద్యకారుడు తన వాద్యానికి మార్చుకున్నారు. పియానో భాగంలో ఒక్క స్వరం కూడా మారలేదు. షూమన్ ఓపస్ 73 ఖండికలు మొదట క్లారినెట్‌కు రాసినవి. గాంబా అనే పాతకాలపు కమాను వాద్యానికి బాక్ రాసిన మూడు సొనాటాలు ఇప్పుడు చెల్లో, పియానోలకు నిత్యం ఇంటి సరుకే.

పియానో మూత కొన్నిసార్లు పూర్తిగా, కొన్నిసార్లు కొద్దిగానే ఎందుకు తెరుస్తారు?

కచేరీ పియానో పొడవు 274 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. 88 మీటల వెనుక రెండువందలకు పైగా తీగలు, వాటి లాగుడును తట్టుకునే పోత ఇనుప చట్రం ఉంటాయి. చెల్లోకు ఉన్నవి నాలుగు తీగలు, ఒక పలుచని చెక్క పెట్టె. పైగా చెల్లో ఎక్కువగా పలికే మధ్య, మంద్ర స్థాయిల్లోనే పియానో ఎడమచేయి కూడా తిరుగుతుంది. వయొలిన్ పియానో మీద నుంచి ఎగిరిపోగలదు గాని, చెల్లో పియానో మధ్యలోంచే దారి చేసుకుని నడవాలి.

పెద్ద కర్రతో మూత పూర్తిగా తెరిస్తే పియానో ధ్వని విచ్చుకుని స్పష్టంగా వస్తుంది. చిన్న కర్ర మీద నిలిపితే తగ్గుతుందన్నది నిజమే గాని, కొంత మూగబోతుంది కూడా. మూసేస్తే చెల్లో గెలుస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నా అనుభవంలో మూసిన పియానో ముద్దగా, మసకగా మోగి, చెల్లో మాటలను ఇంకా ఎక్కువగా మింగేస్తుంది. పియానో వాయించేవారికి కూడా తాము ఎంత గట్టిగా వాయిస్తున్నదీ తెలియకుండా పోతుంది. ఎడమచేతిని తేలిక చేయడం, కుడి పెడల్‌ను తరచుగా ఎత్తడం, చెల్లో కింది తీగల మీద ఉన్నప్పుడు కార్డులను (ఒకేసారి కలిపి పలికే స్వరాలను) పొట్టిగా వదలడం నేర్చినవారు మూత పూర్తిగా తెరిచే వాయిస్తారు. సభ నిండాక బట్టలు, శరీరాలు ధ్వనిని పీల్చుకుంటాయి కాబట్టి, ఖాళీ గదిలో రిహార్సల్‌లో కుదిరిన తూకం సాయంత్రానికి కొంచెం మారుతుంది. వెనుక వరుసలో ఒక నమ్మకమైన చెవిని కూర్చోబెట్టడం మంచిది.

మొదలుపెట్టే ముందు చెల్లో ఎందుకు శ్రుతి చేసుకుంటుంది? లోపల చేసుకుని రాకూడదా?

లోపల చేసుకునే వస్తారు. అయితే వేదిక మీది దీపాల వేడికి, గాలిలోని తేమకు తీగలూ చెక్కా కదులుతాయి. పియానో శ్రుతిని అక్కడికక్కడ మార్చలేం కాబట్టి, చెల్లోనే దానికి అనుగుణంగా సర్దుకోవాలి. పియానో 'ఏ' అనే స్వరాన్ని గాని, అది ఇమిడి ఉన్న డీ మైనర్ కార్డును గాని మెల్లగా పలికిస్తుంది.

ఇక్కడ చెవి గలవారికి ఒక చిన్న రహస్యం. చెల్లో తీగల మధ్య ఉన్న పంచమాలను పూర్తిగా శుద్ధంగా కలిపితే ఒక్కొక్కటి 702 సెంట్లు వస్తుంది. పియానోలో ప్రతి పంచమం 700 సెంట్లే. అర్ధస్వరంలో నూరోవంతును సెంటు అంటారు. పై తీగ నుంచి మూడు పంచమాలు కిందికి దిగేసరికి చెల్లో సీ తీగ, పియానో సీ కంటే దాదాపు ఆరు సెంట్లు కిందికి జారి ఉంటుంది. పక్కపక్కనే పలికితే ఆ తేడా గరగరలాడుతుంది. అందుకే అనుభవమున్నవారు తమ కింది తీగలను రవ్వంత బిగిస్తారు. పద్నాలుగేళ్ళ పిల్ల తన సీ తీగను పియానోతో సరిచూసుకుని, ఆ తీగ శ్రుతి మార్చే మేకును గోరంత తిప్పడం చూస్తే, ఆ పిల్లకు మంచి గురువు దొరికారని అనుకోవచ్చు.

చెల్లో కింద ఉన్న ఇనుప మేకు నేలమీద జారిపోదా?

జారిపోతుంది. దాన్ని ఎండ్‌పిన్ అంటారు. పందొమ్మిదో శతాబ్దం దాకా చాలామంది అది లేకుండా, పిక్కల మధ్యే వాద్యాన్ని పట్టుకుని వాయించేవారు. ఇప్పుడు దాని మొన చెక్క నేలలో గుచ్చుకుని నిలుస్తుంది. నునుపైన, గట్టి నేల మీద మాత్రం నిలవదు. కుర్చీ కాలికి తగిలించే పట్టీ గాని, రబ్బరు బిళ్ళ గాని వెంట ఉండాలి. ఒక కార్యక్రమంలో ఆ పట్టీ మరిచిపోయిన ఒక అబ్బాయి, బ్రామ్స్ మొదటి పేజీలోనే చెల్లో అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంటే, మోకాళ్ళతో వెనక్కి లాక్కుంటూ, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆ భాగాన్ని పూర్తి చేశాడు. భాగం అయ్యాక నేను నా తోలు బెల్టు విప్పి ఇస్తే, దాన్ని కుర్చీ కాలికి కట్టుకుని రెండో భాగం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి నా సంచిలో రెండు పట్టీలు ఉంటున్నాయి.

ఎంత వయసు నుంచి ఇలాంటి రిసైటల్ ఇవ్వవచ్చు? చిన్నపిల్లలకు అంత పెద్ద వాద్యం ఎలా సరిపోతుంది?

చెల్లోలు ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు, పూర్తి అంటూ పలు పరిమాణాల్లో దొరుకుతాయి. ఈ పేర్లు కొలతలు కావు, అర చెల్లో నిజానికి పూర్తి చెల్లోలో సగం పొడవు ఉండదు. పిల్లలు ఎదిగేకొద్దీ మారుస్తారు. మారిన ప్రతిసారీ వేళ్ళ మధ్య దూరం కొత్తగా నేర్చుకోవాలి కాబట్టి, కచేరీకి నెల ముందు పెద్ద వాద్యానికి మారవద్దని గురువులు చెబుతారు. పియానోకు ఇలాంటి వసతి లేదు. ఏడేళ్ళ చేయి కూడా అవే మీటలను అందుకోవాలి. అందని కార్డులను విడదీసి వాయిస్తారు.

వయసు విషయానికొస్తే, యో-యో మా 1962లో ఏడేళ్ళప్పుడు వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కెనెడీ ముందు వాయించారు. పియానో మీద ఉన్నది ఆయన అక్క. జాక్వెలిన్ డు ప్రే 1961లో లండన్ విగ్మోర్ హాల్‌లో తొలి రిసైటల్ ఇచ్చేనాటికి ఆమె వయసు 16. షేకు కానే-మేసన్ 2016లో బీబీసీ యువ వాద్యకారుల పోటీ గెలిచేనాటికి 17. ఆయనతో తరచుగా పియానో వాయించేది కూడా అక్కే, ఇసాటా. ప్రొకోఫియెవ్ సొనాటాను 1950లో మాస్కోలో పియానో వాద్యకారుడు రిక్టర్‌తో కలిసి మొదటిసారి బహిరంగంగా వినిపించినప్పుడు చెల్లో వాద్యకారుడు రస్త్రోపోవిచ్‌కు 23 నిండలేదు. ఇవన్నీ అరుదైన ఉదాహరణలు. కొలబద్దలుగా వీటిని ఏ పిల్లల ముందూ పెట్టవద్దు. ఇంట్లోనే తోడు దొరికిన పిల్లలకు కలిసి వాయించడం తొందరగా పట్టుబడుతుందన్న మాట మాత్రం ఈ అక్కాతమ్ముళ్ళను చూస్తే నమ్మబుద్ధవుతుంది.

కండక్టర్ లేకుండా ఇద్దరూ ఒకేసారి ఎలా మొదలుపెడతారు?

ఊపిరితో. మీరు ముందు వరుసలో ఉంటే వినవచ్చు కూడా. చెల్లో వాద్యకారులు శ్రోతలకు ఎదురుగా కూర్చుంటారు, వారి వెనుక ఎడంగా పియానో ఉంటుంది. అంటే చెల్లో వాయించేవారికి తోటివారు కనబడరు. పియానో వాయించేవారికి మాత్రం వారి కుడి మోచేయి, కమాను కదలిక ఓరకంట కనబడతాయి. కమాను తీగను తాకబోయే ముందు ఎత్తే చేతిలోనూ, పీల్చే ఊపిరిలోనూ రాబోయే లయ అంతా ఉంటుంది. ఊపిరి నెమ్మదిగా తీస్తే నెమ్మదిగా, చురుగ్గా తీస్తే చురుగ్గా మొదలవుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. పియానో మీట నొక్కిన క్షణంలోనే స్వరం పుట్టి, వెంటనే సన్నగిల్లడం మొదలవుతుంది. కమాను కింద స్వరం కాస్త నిదానంగా పుట్టి, తరువాత పెరగగలదు. పుట్టుకలోనే ఇంత తేడా ఉన్న రెండు ధ్వనులు ఒకే క్షణంలో వినబడాలంటే, పియానో వాయించేవారు కమాను తీగను నిజంగా పట్టుకునేదాకా వెంట్రుకవాసి ఆగాలి. దీన్ని నోటితో నేర్పలేం. ఒకే రెండు బార్లను సాయంత్రమంతా మళ్ళీ మళ్ళీ వాయించే జంటలను చూశాను. మంచి గురువులు రిహార్సల్‌లో పియానో వాయించే పిల్లల చేత చెల్లో భాగాన్ని పాడిస్తారు, చెల్లో వాయించే పిల్లల చేత పియానో ఎడమచేతి భాగాన్ని పాడిస్తారు.

చెల్లో వాయించేవారు కొన్నిసార్లు చూడకుండా వాయిస్తారు, పియానో వాయించేవారు మాత్రం ఎప్పుడూ పుస్తకం ముందు పెట్టుకుంటారు. ఎందుకు?

తక్కువ తెలిసి కాదు. చెల్లో పుస్తకంలో చెల్లో భాగం ఒక్కటే ఉంటుంది. పియానో పుస్తకంలో రెండు చేతుల భాగాలతో పాటు, పైన చిన్న అక్షరాల్లో చెల్లో భాగం కూడా ఉంటుంది. అంటే జంటలో ఎక్కడ ఏం జరుగుతోందో మొత్తం చూడగలిగేది పియానో వాయించేవారే. తోటివారు ఒక బారు దాటేస్తే, అదే క్షణంలో కలుసుకుని కాపాడవలసిందీ వారే.

అందుకే పేజీలు వేగంగా వచ్చిపడతాయి, అందుకే నాలాంటివారు ఎడమవైపు కొంచెం వెనుకగా కూర్చుంటారు. చివరి వరుసకు రాగానే లేచి, ఎడమచేత్తో పేజీ పైమూల పట్టుకుని, తల ఊపు కోసం ఎదురుచూస్తాం. ఒకసారి నా వేళ్ళకు రెండు పేజీలు అంటుకుని కలిసి తిరిగిపోయాయి. పియానో మీద ఉన్న పదహారేళ్ళ అమ్మాయి కుడిచేతితో వాయిస్తూనే ఎడమచేత్తో ఒక పేజీని వెనక్కి కొట్టింది, ఆ రెండు బార్లలో ఎడమచేతి భాగం లేదన్న సంగతి చెల్లో వాయిస్తున్న తమ్ముడికి తప్ప ఇంకెవరికీ తెలియలేదు. ఇప్పుడు చాలామంది ట్యాబ్లెట్ పెట్టుకుని, కాలితో నొక్కే పెడల్‌తో పేజీలు మార్చుకుంటున్నారు. ఆ పెడల్‌ను, పియానో పెడల్‌ను ఒకే కాలు చూసుకోవలసి రాకుండా ముందే సాధన చేయాలి.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

సొనాటాలో సాధారణంగా రెండు నుంచి నాలుగు భాగాలు ఉంటాయి. అన్నీ అయ్యాక చప్పట్లు కొట్టడం ఇప్పటి పద్ధతి. భాగాల మధ్య నిశ్శబ్దం కూడా రచనలో భాగమన్నది దీని వెనుక ఆలోచన. కరపత్రంలో ఒక రచన పేరు కింద ఎన్ని భాగాలున్నాయో లెక్క ఉంటుంది. లెక్క తప్పితే, వాద్యకారులు చేతులు దించి శ్రోతల వైపు చూసేదాకా ఆగితే చాలు. ఎవరైనా మధ్యలో కొట్టినా, అది నేరమేమీ కాదు. మొజార్ట్ 1778లో పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, తన సింఫనీ మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని సంతోషంగా చెప్పుకున్నారు. వెనక్కి తిరిగి ఉరిమి చూసేవారే నిశ్శబ్దాన్ని ఎక్కువగా చెడగొడతారు.

మధ్యలో తప్పు దొర్లితే, తీగ తెగితే ఏమవుతుంది?

తప్పులు దొర్లుతాయి, పెద్దవారికీ దొర్లుతాయి. రిహార్సల్‌లో ముందే కొన్ని 'కలిసే చోట్లు' నిర్ణయించుకుంటారు. ఎవరైనా దారి తప్పితే, తరువాతి కలిసే చోటుకు దూకుతారు. ఎక్కడ పోయిందో వెతకడం కంటే ముందుకు వెళ్ళడమే నియమం. తీగ తెగితే, సాధారణంగా సన్నటి ఏ తీగే తెగుతుంది, వాద్యకారులు లోపలికి వెళ్ళి మార్చుకుని వచ్చి ఆ భాగాన్ని మళ్ళీ మొదలుపెడతారు. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రమంతా శ్రుతి కిందికి దిగుతూ ఉంటుంది. దాన్ని వేళ్ళతో సర్దుకుంటూ వాయించాలి.

చిన్నపిల్లలను తీసుకురావచ్చా?

నిర్వాహకుల నియమం ముందుగా కనుక్కోండి. యువ వాద్యకారుల కార్యక్రమాలు తరచుగా గంటలోపే ముగుస్తాయి కాబట్టి పిల్లలకు అనువైనవే. తలుపుకు దగ్గరగా కూర్చోండి. చెల్లో కమాను కనబడేలా కూర్చోబెడితే పిల్లలు ఎక్కువసేపు నిలుస్తారు.

ఫోనులో రికార్డు చేసుకోవచ్చా?

అడగకుండా వద్దు. వాయిస్తున్నవారు మైనర్లు కావచ్చు. వెలుగుతున్న తెర వారి కంటికి నేరుగా తగులుతుంది.

రచనలను ముందే విని రావాలా?

అవసరం లేదు. వినాలనిపిస్తే ఒకే రచనను ఎంచుకుని, ఒకసారి చెల్లో వెంట, మరోసారి పియానో ఎడమచేతి వెంట నడిచి చూడండి. షోపాన్ జీ మైనర్ సొనాటా దీనికి తగినది. ఆయన బతికుండగా ఓపస్ సంఖ్యతో అచ్చయిన చివరి రచనల్లో అది ఒకటి. మిత్రుడు ఫ్రాంకోమ్ కోసం రాసి, 1848 ఫిబ్రవరిలో పారిస్‌లో తాను ఇచ్చిన కచేరీల్లో ఆఖరిదానిలో ఆయనతోనే కలిసి వాయించారు. అదీ మొదటి భాగం వదిలేసి, మిగిలిన మూడే. పియానో కోసమే పుట్టినట్టున్న మనిషి మరో వాద్యం పాడుతుంటే తన చేతులను ఎలా తగ్గించుకున్నారో మూడో భాగంలో వినబడుతుంది.

మా అమ్మాయికి వేదిక మీద చేయి వణుకుతుంది. ఏం చేయాలి?

చెల్లో వాద్యకారులకు ఇది పియానో వాయించేవారికంటే పెద్ద ఇబ్బంది, ఎందుకంటే కుడిచేతి వణుకు నెమ్మదైన, పొడవాటి కమాను లాగుడులో నేరుగా వినబడుతుంది. కాబట్టి కార్యక్రమాన్ని నెమ్మదైన, సన్నని ధ్వనితో మొదలయ్యే రచనతో ప్రారంభించవద్దు. కమాను మొత్తం వాడే, తీగను గట్టిగా పట్టే రచన ముందు పెట్టండి. రెండు నిమిషాల్లో చేయి కుదురుకుంటుంది. కచేరీకి ముందు రెండు మూడు సార్లైనా ఇద్దరూ కలిసి, అవే చెప్పులతో, అదే కుర్చీ ఎత్తుతో, బంధువులో మిత్రులో కూర్చుని ఉండగా మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించాలి. ఒంటరిగా చేసే సాధనలో తప్పు దగ్గర ఆగి దిద్దుకోవడం అలవాటవుతుంది, ఆ అలవాటే వేదిక మీద కాలికి అడ్డం పడుతుంది. వేళ్ళు చల్లబడకుండా చేతితొడుగులు ఉంచండి. కమాను వెంట్రుకలకు పట్టు కోసం రాసే బంక, రోజిన్, రాయడం మాత్రం ఆఖరి నిమిషానికి వదలవద్దు, కంగారులో ఎక్కువ రాసేస్తారు, తీగ బరబరమంటుంది.

చివరలో కరపత్రంలో లేనిది ఒకటి వాయిస్తారు. అదేమిటి?

దాన్ని ఎంకోర్ అంటారు. శ్రోతల చప్పట్లకు బదులుగా ఇచ్చే చిన్న ఖండిక. చెల్లో విషయంలో అది ఎక్కువసార్లు సాన్-సాన్స్ 1886లో రాసిన 'హంస' అవుతుంది. అసలు రచనలో చెల్లోకు తోడు రెండు పియానోలు, ఇక్కడ ఒక్కటే రెండిటి పనీ చేస్తుంది. మూడు నిమిషాలు, అందరికీ తెలిసినది, తేలిక అనిపించేది. అలిసిపోయిన చేయితో, ఎక్కడా అతుకు తెలియకుండా కమాను మార్చాల్సిన రచన కాబట్టి నిజానికి అంత తేలిక కాదు.

అయిపోయాక వాద్యకారులను కలిసి ఏం మాట్లాడవచ్చు?

'చాలా బాగుంది' అన్నా సరే, వారికి సంతోషమే. ఇంకొంచెం చెప్పాలనుకుంటే మీకు నచ్చిన ఒక చోటును పట్టి చెప్పండి. నెమ్మదైన భాగం చివర చెల్లో ఆగిపోయాక పియానో ఒంటరిగా మిగిలిన ఆ రెండు స్వరాలని ఒకామె చెబితే, పియానో వాయించిన అబ్బాయి చెవులదాకా ఎర్రబడటం నేను చూశాను. ఎన్నేళ్ళుగా నేర్చుకుంటున్నావు, పరీక్షలకు చదువుతున్నావా లాంటి ప్రశ్నలు ఇంకో రోజుకు ఉంచవచ్చు. వేదిక దిగిన పది నిమిషాల్లో వారికి తప్పులు మాత్రమే గుర్తుంటాయి కాబట్టి, సలహాలు కూడా ఆ పది నిమిషాలు దాటాకే, అదీ అడిగితేనే. పూలు తెచ్చేవారు దయచేసి రెండు గుత్తులు తీసుకురండి, ఒకటి చెల్లోకు, ఒకటి పియానోకు.